తరుగు నిధి - తరుగని పంట

ఎండలు ముదిరినవనగానే మన యిండ్లలో మేడకొక వైభవము వచ్చును. ఒక మూల గుమ్మడి వడియములు, ఒక మూల చల్లమిరపకాయలు, నడుమ పాతచీరపై మామిడి ఒరుగులు, పిట్టగోడ నానుకొని ఆవకాయ జాడీలు. కాకులను తోలుటకు కఱ్ఱ చేతబట్టుకొని ఒక పిల్ల. ఆ నాలుగు వారములును గృహిణి సూర్యునిచేత పని చేయించుకొనును. ఆయన కూలి యడుగడు. మధ్యాహ్నము కునుకు తీయడు. మరునాడు రానని కబురంపడు. శక్తిశాస్త్రమును గూర్చి పెద్ద గ్రంథములు వెలువడక పూర్వమే మన అమ్మమ్మలు ఎండను డబ్బాలలో నిలువచేసి ఏడాది పొడుగునను వడ్డించిరి. వడియమనగా మఱేమి?

సికింద్రాబాదులోని మా మేడమీద ఈ ఎండకొరకే ఒక తగవు వచ్చినది. మా వారు మేడపై సౌర ఫలకములు పెట్టింపవలెనని పట్టుబట్టిరి. మూడు కిలోవాట్ల ఏర్పాటునకు సుమారు 300 చదరపుటడుగుల చోటు కావలెనని, పెట్టువారు వచ్చి కొలిచి చెప్పిపోయిరి. అనగా మేడలో సగము. అది విని మా అత్తగారు, "అయితే వడియాలు మీ మామగారి నెత్తిమీద ఆరబెట్టమంటావా అమ్మాయీ?" అని మమ్ము నడిగిరి.

మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. తీగెలో కరెంటు వచ్చుచునే యున్నది. అది బొగ్గునుండి వచ్చిననేమి, ఎండనుండి వచ్చిననేమి, దీపము వెలుగుట యొక్కటే కదా? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము తెలియకుండ సగము మేడను వదలుకొనుట సంసారపక్షము కాదనిపించినది. నాటినుండి అడిగియు, చదివియు, లెక్కలు కట్టియు తెలిసికొన్నదానిని సోదరీమణుల ముందుంచుచున్నాము.

రెండు సంసారములు

ఒక యింటివారికి తాతగారు పాతిపెట్టిన లంకెబిందె దొరకినదనుకొందము. పెండ్లిండ్లు, పేరంటములు, నగలు, నాణెములు - అన్నియు ఆ బిందెలోనుండియే. తీసినకొలది సులభముగా వచ్చుచుండును గనుక ఎవరికిని చింతలేదు. కాని ఆ బిందెలో ఒక్క కాసయినను తిరిగి వేయువారు లేరు. పొరుగింటివారికి బిందె లేదు. రెండెకరముల మాగాణి యున్నది. వానలు కురిసిన యేడు నాలుగు గింజలెక్కువ, కురియని యేడు తక్కువ. పంట వచ్చినప్పుడు గాదెలో పోసికొని, లేనప్పుడు సర్దుకొనవలెను. కాని తల్లి తిన్న పొలమునే బిడ్డయు, బిడ్డ తిన్న పొలమునే మనుమరాలును తినగలదు.

లోకమున మనుష్యులు వాడు శక్తి యంతయు ఈ రెండు తెఱగులలో నేదో యొకటి. బొగ్గు, పెట్రోలు, కిరసనాయిలు, సహజవాయువు - ఇవి బిందెలోని ధనము. ఎండ, గాలి, ఏటినీరు, పేడ, చెత్త - ఇవి ఏటేట పండు పంట. శాస్త్రజ్ఞులు పంటవంటివానిని పునరుత్పాదక వనరులనియు, బిందెవంటివానిని పునరుత్పాదకములు కానివనియు అందురు. మన పనికి తరుగు నిధియని, తరుగని పంటయని చెప్పుకొన్న చాలును.

ఇంతమాత్రమున బిందె చెడ్డది, పొలము మంచిది యని తీర్పుచెప్పుట తొందరపాటగును. రెంటికిని గుణములున్నవి, రెంటికిని దోషములున్నవి. ఒక్కొక్కటిగా చూతము.

నల్లరాతి కథ

ఇల్లెందు ప్రాంతమున ఒక కథ చెప్పుకొందురు. భద్రాద్రి రాముని దర్శింపబోవు యాత్రికులు త్రోవలో వంటకై మూడు నల్లరాళ్లు పేర్చి పొయ్యి వెలిగింపగా, కట్టెలతోపాటు రాళ్లును మండినవట. కథ యెట్లున్నను, 1871 వ సంవత్సరమున భూగర్భశాస్త్రజ్ఞుడైన డాక్టరు విలియం కింగు ఇల్లెందు దాపున బొగ్గు కలదని కనుగొనినట్లు చరిత్ర చెప్పుచున్నది. 1874 లో వాడినుండి సికింద్రాబాదునకు నిజాము రాజ్యపు రైలుమార్గము తెఱవబడెను. 1889 నాటికి ఆ మార్గము బెజవాడవఱకు సాగెను. త్రోవలో డోర్నకల్లునుండి బొగ్గుగనులకు శాఖ వేయబడెను. ఆ బొగ్గుతోనే రైళ్లు నడచినవి. ఆ రైళ్లే బొగ్గును దేశమునకు మోసినవి. 1920 లో సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడెను. హుస్సేనుసాగరపు ఒడ్డున నిజాము ప్రభుత్వము కట్టించిన విద్యుత్కేంద్రము బొగ్గును కాల్చియే జంటనగరములకు దీపములు వెలిగించెను. నేడా కేంద్రము లేదు. ఆ ప్రాంతమున నేడు తోటలును, చలనచిత్రశాలయు నున్నవి.

కనుక బొగ్గును నిందించుటకు ముందు దానికి నమస్కరింపవలెను. సికింద్రాబాదు పెరిగినది రైలువలన. రైలు నడచినది బొగ్గువలన. బొగ్గునకు ఒక గొప్ప గుణమున్నది. అది అడిగినప్పుడు మండును. అర్ధరాత్రి బాలింతరాలి గదిలో దీపము కావలెనన్నను, ముసురుపట్టిన శ్రావణమున ఆసుపత్రిలో యంత్రము తిరుగవలెనన్నను, బొగ్గు "నేడు మబ్బు పట్టినది, రేపు రండి" అనదు.

కాని ఆ బొగ్గు పుట్టిన విధము వినుడు. గోదావరీలోయలోని బొగ్గు 25 కోట్ల సంవత్సరములకు పూర్వపు అడవి. ఆనాటి చెట్లు బురదలో కూలి, ఇసుకపొరలు మీదబడి, ఒత్తిడికిని వేడికిని మాగి మాగి బొగ్గయినవి. మనమొక ఆవకాయ జాడి మాగుటకు మూడు దినములు కనిపెట్టుకొని కూర్చుందుము. ఈ జాడి మాగుటకు కోట్ల యేండ్లు పట్టినది. దీనిని సింగరేణివారు ఏటికి సుమారు 7 కోట్ల టన్నుల చొప్పున తీయుచున్నారు. తీసినచోట తిరిగి పుట్టదు. ఈ గనులకు పుట్టినిల్లయిన ఇల్లెందులోనే పాత భూగర్భపు గనులు మూతపడినవి.

ఇక మన యింటి లెక్క. మన దేశపు కేంద్రములలో ఒక యూనిట్టు విద్యుత్తు పుట్టించుటకు 600 మొదలు 700 గ్రాముల బొగ్గు కావలెను. నెలకు 200 యూనిట్లు వాడు సంసారమును తీసికొందము. ఆ కరెంటంతయు బొగ్గునుండియే వచ్చినచో నెలకు 140 కిలోల బొగ్గు. 25 కిలోల బియ్యపు బస్తాలతో కొలిచినచో అయిదున్నర బస్తాలు! మన దేశపు బొగ్గులో సుమారు మూడవవంతు బూడిదయే గనుక ఆ అయిదున్నర బస్తాలలో రెండు బస్తాలకు కొంచెము తక్కువగా బూడిద మిగులును. పొగగొట్టమునుండి లేచి ఆకాశమున కలియు బొగ్గుపులుసు వాయువు 180 కిలోలకు తక్కువ కాదు. దేశమంతటను పుట్టు విద్యుత్తులో నూటికి 70 పాళ్లకు మించి బొగ్గునుండియే వచ్చుచున్నది గనుక ఈ లెక్క పూర్తిగా కాకున్నను చాలవఱకు మనకు వర్తించును.

మన వంటయింటిలో ఈ బస్తాలు కనబడవు. బూడిద మన పెరటిలో పడదు. మీట నొక్కితిమి, దీపము వెలిగినది. బొగ్గు కుంపటి నాళ్లలో మసి మన చేతులకంటెడిది. నేడది రామగుండము, కొత్తగూడెము, మంచిర్యాల ప్రాంతముల సోదరీమణుల దండెములమీద ఆరవేసిన బట్టల కంటుచున్నది. తేడా అంతియే.

2024 లో తెలంగాణ ప్రభుత్వము అర్హతగల గృహములకు నెలకు 200 యూనిట్లవఱకు ఉచితముగా విద్యుత్తు నిచ్చు పథకము నారంభించినది. బీదయింటి గృహిణికి అది గొప్ప మేలు. అయినను ఒక్క మాట మరువరాదు. బిల్లుపై సున్న యుండవచ్చును గాని గనిలో సున్న యుండదు. ఎవరు సొమ్ము చెల్లించినను ఆ అయిదున్నర బస్తాలు కాలియే తీరును.

గోదావరి గ్యాసు నేర్పిన పాఠము

బిందె ఎన్నటికిని తరుగదని నమ్మువారికి మన తెలుగుదేశపు తీరముననే ఒక పాఠమున్నది. 2002 లో కృష్ణా గోదావరుల ముఖమున సముద్రగర్భమున గొప్ప సహజవాయు నిక్షేపము బయటపడెను. 2009 ఏప్రిలులో వాయువు తీయుట మొదలయ్యెను. ఆ సంబరమింతింత కాదు. గ్యాసు వచ్చునను నమ్మకముతో గోదావరి జిల్లాలలోను, కృష్ణాజిల్లాలోను విద్యుత్కేంద్రములు లేచినవి. 2010 లో ఉత్పత్తి శిఖరమునకు చేరి, పిమ్మట అనుకొన్నదానికంటె వేగముగా దిగజారెను. మొదట తెఱచిన రెండు క్షేత్రములును 2020 ఫిబ్రవరిలో పూర్తిగా ఆగిపోయినవి. తరువాత మఱింత లోతున క్రొత్త బావులు తెఱచిరిగాని, ఈలోపల కోట్ల రూపాయల యంత్రములు వాయువు లేక ఏండ్ల తరబడి ఊరకయుండిపోయినవి. బియ్యము లేనియింట వెండి గిన్నె లున్న ఫలమేమి?

మన వంటగ్యాసు మాటయు నంతే. 1999 లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీపము పథకము క్రింద స్త్రీల పేరనే గ్యాసు కనెక్షన్ల నిచ్చుట ప్రారంభించినది. అది లక్షలాది పల్లె స్త్రీల కన్నులనుండి పొగను తుడిచిన మహోపకారము. కాని దేశమున మండు వంటగ్యాసులో సగమునకు మించి ఓడలపై పరదేశములనుండి రావలసినదే. ఎక్కడనో సముద్రముమీద యుద్ధము వచ్చెనేని ఇక్కడ మన సిలిండరు ధర మారును. పొయ్యి మనది, నిప్పు పరులది.

ఎండ పంట - దాని కరువు

ఇక రెండవ సంసారమును చూతము. ఒక కిలోవాటు సౌర ఫలకములకు సుమారు 100 చదరపుటడుగుల చోటు కావలెను. సంవత్సరపు సగటున దినమునకు 4 యూనిట్ల వఱకు వచ్చును. మూడు కిలోవాట్లకు నెలకు సుమారు 350 యూనిట్లు. అనగా మా మేడమీది ఎండ నెలకు దాదాపు 245 కిలోల బొగ్గును గనిలోనే ఉండనిచ్చుచున్నది. ఫలకములు ఇరువదియైదేండ్లు పనిచేయును. ఏటేట కొద్దిగా సత్తువ తగ్గును. వానిని తయారుచేయుటకు ఖర్చయిన శక్తిని అవి ఒకటి రెండేండ్లలో తిరిగి యిచ్చివేయును.

2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన సూర్యఘర్ పథకము క్రింద రెండు కిలోవాట్లవఱకు కిలోవాటుకు 30,000 రూపాయల చొప్పునను, మూడు కిలోవాట్లకు మొత్తము 78,000 రూపాయలును సాయముగా లభించును. మిగిలిన సొమ్ము గృహస్థు పెట్టుకొనవలసినదే. బొగ్గు కరెంటునకు నెలనెల చెల్లింతుము. ఎండ కరెంటునకు ముందే ఒక్కసారిగా చెల్లింపవలెను. అద్దెయింటిలోనున్నవారికి, మేడ లేనివారికి, చేతిలో రొక్కము లేనివారికి ఇది అందని మామిడిపండు. ఈ లోపమును కప్పిపుచ్చుట న్యాయము కాదు.

మా యింట జరిగిన రెండు పొరపాట్లనుకూడ చెప్పెదము. ఇతరులకు పనికివచ్చును. పెట్టువారు మా నీళ్లతొట్టి నీడను గమనింపలేదు. సాయంకాలము మూడు గంటలకే ఆ నీడ ఒక ఫలకముమీద పడెడిది. ఒక ఫలకముపై నీడ పడినచో దానితో వరుసకట్టిన ఫలకముల బలమును తగ్గునని మాకు తెలియదు. పచ్చళ్ల జాడీలో తడిగరిటె పెట్టినట్లే. ఒకటి చెడి తక్కినదానిని చెరుచును. తరువాత తొట్టి జరిపించుకొంటిమి. కాబట్టి ఫలకములు పెట్టించు సోదరి ముందుగా ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము మేడయెక్కి నీడ యెక్కడ పడునో సుద్దముక్కతో గీత గీయవలెను. వడియములు పెట్టు మన కిది క్రొత్త విద్య కాదు.

రెండవది. ఒకనాడు మండుటెండలో వీధి కరెంటు పోయినది. మన సూర్యుడున్నాడుకదా యని ధీమాగా నుంటిమి. ఫంకా తిరుగలేదు! మోసపోతిమని అందరమును హడలిపోతిమి. విచారింపగా, వీధితీగెతో కలిపిన సాధారణపు ఏర్పాటు వీధి కరెంటు పోగానే తానును ఆగిపోవునట్లే చేయుదురని తెలిసినది. లేనిచో స్తంభమెక్కి తీగె బాగుచేయు కార్మికుని మీదికి మన మేడమీది విద్యుత్తు ప్రవహించి అతని ప్రాణము తీయును. ఆ సంగతి విన్నపిమ్మట మా కోపము చల్లారినది. బ్యాటరీలతో కూడిన ఏర్పాటు వేరుగా గలదు. దాని వెల ఎక్కువ.

అసలు ఇదియే ఎండ పంటలోని పెద్ద చిక్కు. దీపము కావలసినది రాత్రి. సూర్యుడు వచ్చునది పగలు. మా మేడమీది మిగులు పగటిపూట వీధితీగెలోనికి పోవును. రాకపోకలను రెంటిని లెక్కించు మీటరు దానిని జమకట్టును. రాత్రి మేము దీపము వెలిగించినప్పుడు ఆ తీగెలో వచ్చునది తిరిగి రామగుండపు బొగ్గే. మా ఖాతాలో లెక్క సరిపోయినను గని ఖాతాలో సరిపోలేదు. పంట యున్న చాలదు, గాదె కావలెను.

ఆ గాదె యొకటి కృష్ణానదిపై నున్నది. శ్రీశైలము ఎడమగట్టు విద్యుత్కేంద్రములో 150 మెగావాట్ల యంత్రములు ఆరున్నవి. అవి నీటిని క్రిందికి విడిచి విద్యుత్తు పుట్టించుటయేకాక, మిగులు విద్యుత్తు ఉన్నప్పుడు ఆ నీటినే తిరిగి పైకి తోడగలవు. పగటి ఎండను నీటిరూపమున ఎత్తున దాచి, రాత్రి దించుకొనుటకు ఇట్టి సాధనములే దారి. అయితే నీరును నిర్దోషి కాదు. శ్రీశైలము జలాశయముక్రింద నూరుకు పైగా గ్రామములు మునిగినవి. ఆ ఊళ్ల ఆడపడుచులకు పుట్టినిల్లు నీటి యడుగుననే మిగిలినది. 2020 ఆగస్టు 20 వ తేదీ రాత్రి ఎడమగట్టు కేంద్రమున అగ్నిప్రమాదము జరిగి తొమ్మండుగురు మరణించిరి. మన దీపమునకు వెల కట్టినవా రెక్కడనో ఒకచోట ఎప్పుడును ఉందురు.

భూమి ఖర్చును చూడుడు. 2017 నాటికి కర్నూలు జిల్లాలో పాణ్యము దాపున గని, శకునాల గ్రామముల యొద్ద 1000 మెగావాట్ల సౌరకేంద్రము సిద్ధమైనది. దానికి 5,900 ఎకరముల వఱకు నేల కావలసివచ్చెను. ఈ చిక్కునకు రామగుండమున చక్కని ఉపాయము కనిపెట్టిరి. అక్కడి బొగ్గు విద్యుత్కేంద్రపు జలాశయముమీదనే 500 ఎకరముల మేర తేలియాడు సౌర ఫలకములు పఱచిరి. 100 మెగావాట్ల ఆ కేంద్రము 2022 జూలైలో పూర్తిగా పనిచేయనారంభించెను. నేల పోలేదు, పైగా ఫలకముల నీడవలన నీరు ఆవిరియగుట తగ్గినది. ఒడ్డున 2600 మెగావాట్ల బొగ్గు, నీటిమీద 100 మెగావాట్ల ఎండ! మన కాలపు పరిస్థితి యంతయు ఆ యొక్క చెఱువులో కనబడుచున్నది. పంట మొలకెత్తినది, కాని ఇంటిని పోషించుచున్నది ఇంకను బిందెయే.

కట్టె పొగ మరువరాదు

తరుగనిదైనంత మాత్రమున మేలైనదని భ్రమపడరాదు. కట్టెలు తరుగని పంటయే. చెట్టు నఱికినచో మరల పెంచవచ్చును. కాని ఆ కట్టెపొగలో వంగి ఊదుగొట్టముతో ఊదియూది కన్నులెఱ్ఱచేసికొన్న తల్లుల బాధ మనమెఱుగుదుము. 2020 లో ఇంటిలోని వంటపొగ మొదలగు కల్మషముచేత లోకమున 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కగట్టినది. తరుగుచున్న గ్యాసు వారిలో నెందరికో ప్రాణదానము చేయగలదు. కనుక ఏ శక్తినైనను మూడు ప్రశ్న లడుగవలెను. ఇది తరుగునా? దీని పొగ ఎవరి ముక్కున పడును? దీని వెల ఎవరు చెల్లింతురు?

ఈ మూడు ప్రశ్నలకును తృప్తికరమైన జవాబిచ్చు చిన్న ఉదాహరణ మన సికింద్రాబాదులోనే బోయినపల్లి కూరగాయల మార్కెట్టున నున్నది. అమ్ముడుపోక వాడిన ఆకుకూరలు, కుళ్లిన టమాటాలు, క్యాబేజి రేకులు పూర్వము గుట్టలుగా పడి కంపుకొట్టెడివి. తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థవారి పద్ధతితో అక్కడొక జీవవాయు కేంద్రము నెలకొల్పబడెను. దినమునకు 10 టన్నుల చెత్తనుండి సుమారు 500 యూనిట్ల విద్యుత్తును, 30 కిలోల వంటవాయువును పుట్టించుటకు దానిని ఏర్పాటుచేసిరి. ఆ విద్యుత్తు మార్కెట్టు దీపములకును, ఆ వాయువు అక్కడి భోజనశాల పొయ్యికిని, మిగిలిన మడ్డి ఎరువునకును. 2021 జనవరిలో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగమున దీనిని ప్రశంసించిరి. నగరమంతటి అవసరములో ఇది నలుసంతయే. కాని కూరగాయ తొక్కులో నిప్పున్నదని, దానిని పారవేయుట పాడిగేదె పాలను నేలపాలు చేయుటయేనని మనకు నేర్పినది.

పొరుగింటి అవ్వ ప్రశ్న

మా మేడమీద ఫలకములు బిగించుచుండగా పొరుగింటి అవ్వ చూడవచ్చినది. ఆమె పెనిమిటి కొత్తగూడెపు గనులలో ముప్పదియేండ్లు పనిచేసి కాలము చేసినవాడు. తమ్ముని కొడుకులు నేటికిని గనిలోనే యున్నారు. ఫలకములను తడిమి చూచి, "మంచిగనే ఉన్నయ్ గని బిడ్డా, అందరిండ్ల మీద గిట్లనే పెడితె మావోళ్లేం తినాలె?" అని యడిగినది.

మా అత్తగారి ప్రశ్న కంటె ఇది కష్టమైనది. 1990 ప్రాంతమున సింగరేణిలో లక్షమందికి పైగా పనివారుండిరి. నేడు నలుబదివేలకు అటునిటుగా నున్నారు. ఈ తగ్గుదల ఎండవలన వచ్చినది కాదు. పెద్ద యంత్రములవలనను, ఉపరితలపు గనులవలనను వచ్చినది. సింగరేణి సంస్థయే ఇప్పుడు తన గనుల ప్రాంతములలో సౌరకేంద్రములను నెలకొల్పుచున్నది. కాని ఎండ కేంద్రమునకు గనికి వలె వేలకొలది చేతులు అక్కఱలేదు. కనుక నూటముప్పదియేండ్లకు పైగా చీకటిలో దిగి మనకు వెలుగునిచ్చిన ఊళ్లు, గని మూతపడుటకు ముందే, తమ పిల్లలకు క్రొత్తపని చూపుమని అడుగుటకు హక్కు గలవి. మన మేడమీద ఫలకములు పెట్టుకొన్నంతమాత్రమున ఆ ఋణము తీరదు. అవ్వతో మేము, బొగ్గు రేపే ఆగిపోదని, రాత్రి దీపమునకు ఇంకను చాలకాలము మీవారే దిక్కని చెప్పితిమి. ఆమె తల యూపినదిగాని, తృప్తిపడినట్లు తోచలేదు. మాకును తృప్తి కలుగలేదు.

గృహిణి చేయదగిన పనులు

మేడ యున్నను లేకున్నను మనము చేయదగినవి కొన్ని యున్నవి. మొదటిది, పని వేళను ఎండ వైపునకు జరుపుట. నీళ్ల మోటారు, రుబ్బుడు యంత్రము, బట్టల యంత్రము, ఇస్త్రీపెట్టె - వీనిని సాయంకాలము ఊరందరు దీపములు వెలిగించు వేళ గాక పగటిపూట నడుపుకొన్నచో తీగెలోని ఎండ కరెంటు వినియోగపడును. ఇంటిలో ఫలకములున్నవారికి ఇది మఱింత లాభము.

రెండవది, దుబారా మానుట. పాతకాలపు 60 వాట్ల బల్బు చేయుపనిని 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు చేయును. పాత ఫంకా 75 వాట్లు త్రాగగా క్రొత్తరకపు ఫంకా 30 వాట్లతో తృప్తిపడును. దినమునకు పదునైదు గంటలు తిరుగు ఒక్క ఫంకాను మార్చినచో నెలకు 20 యూనిట్లు, అనగా 14 కిలోల బొగ్గు మిగులును. పప్పు నానబెట్టి వండుట, గిన్నెపై మూత పెట్టుట, కుక్కరు వాడుట - ఇవి మన పెద్దలు చెప్పినవే. మిగిల్చిన యూనిట్టునకు గని అక్కఱలేదు, ఫలకమక్కఱలేదు, గాదె యక్కఱలేదు.

మూడవది, ఫలకములు పెట్టించువారు వారమున కొకసారి ఉదయమో సాయంకాలమో, అవి చల్లగా నున్నప్పుడు, నీటితో దుమ్ము కడుగవలెను. మండుటెండలో చల్లనీరు పోయరాదు. పనికాలము తీరిన ఫలకములను పాత సామానుల వానికి తూచి అమ్మరాదు. 2022 నాటి నియమముల ప్రకారము అవి విద్యుత్పరికరముల వ్యర్థములుగా తగినచోటికే చేరవలెను. మన ఎండ పంట రేపటివారికి చెత్తకుప్ప కాకూడదు.

మా యింటి తగవు ఎట్లు ముగిసినదని సోదరీమణులకు సందేహము కలుగవచ్చును. పడమటి సగము ఫలకములకు, తూర్పు సగము వడియములకు పంపకమైనది. ఈ యేడు వడియములు రెండు విడుతలుగా పెట్టవలసివచ్చెను. అంతకుమించి నష్టము లేదు. దినదినమును సాయంకాలము దీపము పెట్టువేళకు మా అత్తగారు మీటరు చూచి రమ్మని మనుమని పంపుచున్నారు. "ఇవాళ సూర్యుడెంత సంపాదించాడురా?" అని యడుగుదురు. వాడు "పదకొండు" అనిన సంతోషింతురు. మబ్బుపట్టిన దినమున "నాలుగు" అనినచో, "అయితే ముందుగదిలో దీపం ఆర్పి రా" అందురు.

వచ్చినదెంతయో ఎఱిగి ఖర్చుపెట్టుట సంసారమునకు మూలసూత్రము. లంకెబిందె యున్న దినములలో మన మా సూత్రమును మరచితిమి. మా అత్తగారు దానిని మీటరువద్ద మరల నేర్చుకొనిరి. ఆమెను చూచి మేమును నేర్చుకొనుచున్నాము.